యాత్రాంతమున జాలరిపల్లె

కర్నూలు, కడప మండలములలో పుట్టి పెరిగినవారికి నీరనగా చెరువు, బావి, వంక, ఏరు. చెరువు నిండిన యేడు పండుగ. నిండని యేడు పస్తు. తుంగభద్ర, కుందేరు, పెన్న పారుచున్నను, అవియన్నియు ఆవలిగట్టు కానవచ్చు నీళ్లే. ఆవలిగట్టు లేని నీటిని పూర్వకాలమున ఈ సీమవారిలో చూచినవారు అరుదు. అట్లు చూచినవారిలో తీర్థయాత్రకై కాలినడకను పోయినవారు ముఖ్యులు.

'కాశీకి పోయినవాడును కాటికి పోయినవాడును ఒకటే' యను సామెత రైలు లేని దినములలో పుట్టినది. ఆ దినములలో కాశీకి పోయి తూర్పుదారిని తిరిగివచ్చువారు జగన్నాథము సేవించుకొని వచ్చెడివారు. అంతదూరము పోలేనివారు కొందరు జగన్నాథమునకు మాత్రమే పోయి వచ్చెడివారు. కర్నూలునుండి పూరీకి నేటి బాటలను బట్టి చూచినను వేయి కిలోమీటర్లకు పైబడిన దూరము. ఆమడకు ఎనిమిది మైళ్ల పాతలెక్కన సుమారు ఎనుబది ఆమడలు. దినమునకు ఆమడన్నర నడువగలవానికి దాదాపు రెండు నెలల ప్రయాణము. నడుమ ఏఱులు పొంగుట, జ్వరములు, చత్రములలో నిలుకడలు చేర్చినచో మూడు నెలలు.

ఈ ప్రయాణపు తుది యడుగు ఆలయములో పడునది కాదు. సముద్రస్నానముతో గాని క్షేత్రసేవ ముగియదు గనుక, అది ఇసుకమీద పడును. ఆ ఇసుకమీద యాత్రికుని చేయి పట్టి అలలోనికి దింపి మరల ఒడ్డు చేర్చువాడు చేపలు పట్టి బ్రతుకు జాలరి. ఒడియావారు అతనిని నోలియా యందురు. అతడు ఇంటిలో మాటలాడు భాష తెలుగు. రాయలసీమ మెట్టనేలకును ఆ జాలరిపల్లెకును గల సంబంధము చరిత్రలో ఎట్లు కానవచ్చుచున్నదో విచారించుటయే ఈ వ్యాసమున చేయదలచిన పని.

యాత్ర ఇంటివద్దనే మొదలగును. కడపకు తూర్పున పెన్నయొడ్డున సిద్ధవటము. ఉత్తరమున నల్లమల యంచున అహోబిలము. ఆ అడవి నడుమ కృష్ణయొడ్డున శ్రీశైలము. శ్రీశైలమునకు ఆత్మకూరు వైపునుండి పోవు పాతబాట నాగలూటి, పెద్దచెరువు, భీమునికొలను దాటి కైలాసద్వారమునొద్ద కొండనెక్కును. శివరాత్రికి నడచిపోవువారు నేటికిని ఆ జాడనే పోవుదురు. మండువేసవి ముందరి దినములలో ఆ రాళ్లబాటను నడచినవారికి నీటిచెలమ యెక్కడ గలదో, ఎలుగుబంటి యెక్కడ తిరుగునో చెప్పువారు చెంచులు. యాత్రికులకు కాపుండి కొండ దాటించుట పూర్వమునుండి చెంచులకు వంతుగా వచ్చిన పని. అందులకు వారికి ముట్టునది మిక్కిలి స్వల్పము.

ఆ చెంచులు క్షేత్రమునకు కేవలము కావలివారు కారు. శ్రీశైలమల్లికార్జునుని చెంచు మల్లయ్య యని పిలుచుకొందురు. అహోబిలనరసింహుడు చెంచుకన్యను వలచి పెండ్లాడెనని కథ. సంక్రాంతి వెళ్లినపిదప అహోబిలమున ఉత్సవమూర్తులు పారువేటకు బయలుదేరి నలుబది దినములకు పైగా చుట్టుపట్ల పల్లెలు తిరుగుటయు, తమ కల్యాణమునకు తామే జనులను పిలుచుటయు ఈ సీమవారందరు ఎరిగినదే. దేవుడు అడవివారి అల్లుడు. యాత్రికునకు త్రోవ చూపువాడు అడవివాడు. యాత్ర మొదట కానవచ్చిన ఈ పొందిక యాత్ర చివరను మరల కానవచ్చును గనుక చదువరులు దీనిని గుర్తుంచుకొనవలెను.

జగన్నాథమునుండి ఈ సీమకు నడచివచ్చి, మరల జగన్నాథమునకే పోయి చేరినవారిలో అందరికంటె ప్రసిద్ధుడు చైతన్యమహాప్రభువు. ఆయన 1510వ సంవత్సరమున సన్న్యసించి పూరీ చేరి, ఆ యేడే దక్షిణయాత్రకు వెడలి, 1512లో తిరిగి పూరీకి వచ్చెను. వెంట కృష్ణదాసుడను బ్రాహ్మణు డొక్కడే నీళ్లపాత్రయు బట్టయు మోసుకొని నడచెను. శ్రీకూర్మము, సింహాచలము సేవించి, గోదావరీతీరమున గజపతి ప్రతాపరుద్రుని యుద్యోగియగు రామానందరాయని కలిసికొని, అటుపిమ్మట మల్లికార్జునమును, అహోబిలనరసింహుని, సిద్ధవటమును దర్శించినట్లు వంగభాషలో కృష్ణదాస కవిరాజు రచించిన చైతన్యచరితామృతమున గలదు. ఆ సిద్ధవటము కడప మండలములోని సిద్ధవటమేయని పండితులు గుర్తించిరి. అక్కడ ఎల్లవేళల రామనామము పలుకు బ్రాహ్మణు డొకడు ఆయనకు ఆతిథ్య మిచ్చెను. కొన్నాళ్లకు ఆయన మరల ఆ త్రోవనే రాగా ఆ గృహస్థు కృష్ణనామము పలుకుచుండెనట. క్షేత్రములను దర్శించిన వరుసను తాను చెప్పజాలనని గ్రంథకర్త ముందే చెప్పుకొనెను. తెలియని దానిని తెలియదని వ్రాసినవాని లెక్కయందు తక్కిన పద్దులమీద నమ్మకము కలుగును.

ఆ యేండ్లలోనే ఇదే దారిని రాజుల సేనలును నడచినవి. ఉదయగిరి దుర్గము అప్పుడు గజపతుల వశమున నుండెను. శ్రీకృష్ణదేవరాయలు 1514లో దానిని పట్టుకొని, అచటి బాలకృష్ణమూర్తిని విజయనగరమునకు తీసికొనిపోయి గుడి కట్టించెను. రెండేండ్లకు ముందే ఒక సన్న్యాసి ఆయుధము లేకుండ, సుంకము లేకుండ ఆ రెండు రాజ్యములను దాటి వచ్చెను. గెలిచిన దుర్గములు చేతులు మారినవి. కాలిబాట మాత్రము నిలిచినది.

మూడువందల యేండ్ల తరువాత ఆ బాటలమీద నడచిన మరియొక యాత్ర తెలుగువారికి గ్రంథరూపమున దక్కినది. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసీగా నుండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18వ తేదీన కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3వ తేదీన ఇల్లు చేరిరి. ఆయన తిరుపతి, కడప, అహోబిలము, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురము మీదుగా ఉత్తరమునకు పోయిరి. కాశీ, గయ సేవించి, జగన్నాథము మీదుగా తూర్పుతీరము వెంబడి తిరిగివచ్చిరి. త్రోవలో కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారికి వ్రాసిన లేఖలే కాశీయాత్ర చరిత్రయై 1838లో అచ్చయినవి. 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు దానిని పీఠికతో మరల ప్రకటించిరి. వీరాస్వామయ్యగారు పల్లకిలో పోయిరి. బోయీలును పరివారమును నడచిరి. మజిలీలెక్కడ, నీరు మంచిదా, అంగళ్లు గలవా, నాణెము చెల్లునా యను సంగతులు ఆయన విడువక వ్రాసిరి. యాత్రాపుణ్యముతోపాటు యాత్రాలెక్కను గూడ చూచుకొనిన మొదటి తెలుగు గ్రంథకర్త ఆయనయే యని చెప్పవచ్చును.

ఆ లెక్కలో సుంకము పెద్దపద్దు. కడప 1800లోనే కంపెనీవారి వశమాయెను గాని, కందనూరు అప్పటికి పఠాను నవాబు చేతిలో నుండెను. శ్రీశైలమునకు పోవు యాత్రికులనుండి నవాబు హాసీలు వసూలు చేయుచుండెను. 1839లో కంపెనీవారు కందనూరు ఆక్రమించుకొనిరి. అటుపిమ్మట శ్రీశైలదేవస్థానపు నిర్వాహము కడప మండలములోని పుష్పగిరి పీఠమువారికి చేరి చాలకాలము వారి చేతిలో నుండెను. జగన్నాథమునందును ఇదే తీరు. కంపెనీవారు 1803లో పూరీ పట్టుకొని, 1806లో యాత్రికులపై పన్ను విధించి, 1840లో ఎత్తివేసిరి. యాత్రికులను నాలుగు తరగతులుగా విభజించి, తరగతినిబట్టి రేటు కట్టిరి. మిక్కిలి పేదలకు మాత్రము మినహాయింపు. కావున వీరాస్వామయ్యగారి కాలమున కర్నూలు సీమలో దేవుని చూచుటకును సుంకమే. ఎనుబది ఆమడల ఆవల దేవుని చూచుటకును సుంకమే.

పన్నుతోపాటు కంపెనీవారి నిబంధనలలో ఇంకొక పట్టిక గలదు. ఆలయములోనికి రాగూడని కులముల పేర్లు అందు వరుసగా వ్రాయబడినవి. చేపలు పట్టి బ్రతుకువారు ఆ పట్టికలో నుండిరి. ఆచారముగా నున్నదానిని సర్కారు కాగితముమీద చేర్చి ముద్ర వేసినట్లాయెను. ఈ సంగతి మనసున నుంచుకొని పూరీలో అడుగుపెట్టవలెను.

జగన్నాథుని కథ మరల అడవియందే మొదలగుచున్నది. నీలమాధవుడను దేవుని అడవిలో రహస్యముగా పూజించుచుండినవాడు విశ్వావసువను శబరుడు. ఇంద్రద్యుమ్నమహారాజు పంపిన విద్యాపతి యను బ్రాహ్మణుడు ఆ శబరుని కూతురు లలితను పెండ్లాడి దేవుని జాడ తెలిసికొనెనని స్థలపురాణము. ఆ శబరవంశపు వారమని చెప్పుకొను దైతాపతులు నేటికిని స్నానయాత్ర మొదలు రథయాత్ర వఱకు స్వామికి అంతరంగసేవ చేయుచున్నారు. అహోబిలమున చెంచులక్ష్మి, ఇచట శబరకన్య లలిత. నల్లమలనుండి వచ్చిన యాత్రికునకు ఇది క్రొత్తకథ గాదు, ఇంటికథయే.

జగన్నాథమున మహాప్రసాదమునకు అంటు లేదు. ఒకరు తినిన ఆకునుండి మరియొకరు తీసికొన్నను దోషము లేదు. పెద్దకులము, చిన్నకులము ఆ అన్నము ముందర నిలువదు. ఈ క్షేత్రాచారమునుండియే తెలుగున 'సర్వం జగన్నాథం' అను పలుకుబడి పుట్టినది. ఊరిలో విందునాడు పంక్తిభేదము లేకుండ అందరు కలిసి తినుచున్నను, సంతలో సరకులన్నియు కలిసిపోయినను, అంతయు సర్వం జగన్నాథం అందురు. పూరీ యెక్కడ నున్నదో యెరుగని పల్లెవారి నోటను ఈ మాట నిలిచినది. ఎండబెట్టిన ఆ ప్రసాదమును నిర్మాల్యమని మూటగట్టి యాత్రికులు ఇంటికి తెచ్చుకొనుట గలదు. ఆ గింజలతోపాటు ఆ మాటయు ఈ సీమకు వచ్చెననుకొనుటలో తప్పు లేదు.

అయితే, అన్నమునందు లేని భేదము గుడి గుమ్మమునందు ఉండెను. ఆ గుమ్మమునకు వెలుపల నిలువబడినవానిని చూచుటకు సముద్రమునొద్దకు పోవలెను.

పూరీలో పంచతీర్థములు గలవు. మార్కండేయసరస్సు, ఇంద్రద్యుమ్నసరస్సు మొదలగువానిలో చివర చెప్పదగినది మహోదధి. అనగా సముద్రమే. స్వర్గద్వారమను చోట యాత్రికులు దిగుదురు. అక్కడ బంగాళాఖాతము చెరువువలె నిలిచి యుండదు. అల నిలువెత్తు లేచి విరిగి, కాళ్లక్రింది ఇసుకను లాగికొని వెనుకకు పోవును. చెరువులో ఈత నేర్చినవాని యీత ఆ విరుగుడు అలలో పనికిరాదు. రెండు నెలలు నడచి, పన్ను కట్టి, పండాలకు దక్షిణ లిచ్చి, జ్వరములు తప్పించుకొని వచ్చిన మెట్టప్రాంతపు ముసలివాడు అక్కడ పసిబిడ్డ వంటివాడు. అప్పుడు అతని చేయి పట్టుకొనువాడు నోలియా. కోసుగా అల్లిన వెదురు టోపీ పెట్టుకొని, నడుమునకు గోచి బిగించి, అల వచ్చునప్పుడు తల వంపుమనియు, పోవునప్పుడు కాలు తన్నిపట్టుమనియు చెప్పుచు, స్నానము చేయించి, ఒడ్డున దించి, చిల్లర పుచ్చుకొని పోవును. నల్లమలలో చెంచువాడు చేసిన పనిని నీటియందు ఇతడు చేయుచున్నాడు.

ఈ నోలియాలు వాడబలిజలు, జాలరులు అను తెలుగు కులములవారు. కళింగాంధ్ర తీరమునుండియు గంజాము తీరమునుండియు చేపల వెంబడి ఉత్తరమునకు పోయి, ఇసుకదిబ్బలమీద గుడిసెలు వేసికొని నిలిచిరి. పూరీ పట్టణపు తూర్పుభాగమున సముద్రమునంటి పెంటకోట యను వారి పెద్దపల్లె గలదు. అనకాపల్లి జిల్లా పాయకరావుపేట యొద్ద తీరమున ఇదే పేరుగల జాలరిపల్లె మరియొకటి యున్నది. వలసపోయినవారు ఊరిపేరును గూడ మోసికొనిపోవుట లోకమున క్రొత్త గాదు.

ఈ పల్లెకు మెట్టనేల యాత్రికుడు పోయి నిలిచినచో అతని చెవికి మొదట తాకునది భాష. 'ఏంది' అని యితడనుచోట వారు 'ఏటి' అందురు. మాట సాగదీత వేరు, యాస వేరు. కాని తల్లి, బిడ్డ, నీరు, వల, ఆకలి యను మాటలు ఒక్కటే. పట్టణమంతయు ఒడియా, వంగము, హిందీ వినివిని అలసినవానికి ఊరి చివరి గుడిసెలలో తనభాష వినబడును. గుడి చుట్టు వీధులలో దొరకని చుట్టరికము చేపలు ఎండబెట్టిన ఇసుకమీద దొరకును. అచట ఎండుచున్న నెత్తళ్లు, కవ్వళ్లు అతనికి క్రొత్తవి కావు. తీరమునుండి మూటలుగా వచ్చి తన ఊరి సంతలో సేర్లకొలది అమ్ముడుపోవునవియే. సముద్రమును చూడని సీమకు సముద్రము ఎండుచేప రూపమున వారమువారము వచ్చుచునే యున్నది. తెచ్చినవాని ముఖము మాత్రమే తెలియదు.

వారి పడవలు గమనింపదగినవి. పూర్వము తెప్ప, పడవ యని రెండు విధములు. తెప్ప యనగా తేలిక మ్రానులను చెక్కి, ప్రక్కప్రక్కన చేర్చి త్రాళ్లతో కట్టినది. పని కాగానే కట్లు విప్పి మ్రానులను ఎండలో ఆరవేయుదురు. పడవయం దొక్క మేకు ఉండదు. పలకలకు అంచున రంధ్రములు చేసి, కొబ్బరిపీచు త్రాటితో గోనెసంచి కుట్టినట్లు కుట్టుదురు. మేకులు కొట్టిన గట్టిపడవ అల దెబ్బకు పగులును. కుట్టిన పడవ వంగి, అలకు లోబడి, మరల నిటారగును. చెన్నపట్టణమునకు రేవు కట్టకముందు ఓడలనుండి దిగిన దొరలును దొరసానులును ఇట్టి కుట్టుపడవలలోనే జాలరుల చేతులమీదుగా ఒడ్డు చేరిరి. గంజాము తీరమున గోపాలపురపు రేవునందును అదే రీతి. అనగా జాలరి చేయి పట్టుకొననిదే ఈ తీరమున యాత్రికుడు నీటిలోనికి పోలేడు; పరదేశి నేలమీదికి రాలేడు. బలవంతులైన రాజ్యములు రెండు మూడు ఆ తీరమున వచ్చి పోయినవి. వారి కాగితములలో ఓడల పేర్లున్నవి, దొరల పేర్లున్నవి. కుట్టుపడవ నడపినవాని పేరు లేదు.

పేరు లేని జాలరి యొకడు మాత్రము గ్రంథమున కెక్కెను. అది చైతన్యచరితామృతములోని చివరిభాగపు కథ. దక్షిణయాత్ర ముగించి చైతన్యుడు పూరీలో స్థిరపడిన చాల యేండ్లకు, శరత్కాలపు వెన్నెలరాత్రి యొకనాడు, సముద్రము యమునవలె తోచగా పరవశుడై అందు దూకెను. ఎవరును చూడలేదు. అల ఆయనను కోణార్కము వైపునకు ఈడ్చుకొనిపోయెను. స్వరూపదామోదరుడు మొదలగు శిష్యులు రాత్రియంతయు తీరము వెంబడి వెదకిరి. తెల్లవారుజామున భుజముమీద వల వేసికొని, నవ్వుచు, ఏడ్చుచు, హరినామము పాడుచు వచ్చుచున్న జాలరి యొకడు ఎదురుపడెను. సంగతి యేమని అడుగగా, తన వలలో పెద్దచేప పడినదని లాగితిననియు, చూడగా అది శవమనియు, తాకినంతనే తనకు దయ్యము పట్టినదనియు అతడు చెప్పెను. రాత్రులు ఒంటరిగా వేటకు పోవునప్పుడు నరసింహుని తలచినచో ఏ దయ్యమును దరిచేరదనియు, ఈ దయ్యము మాత్రము నరసింహుని పేరు వినినకొలది రెండింతలగుచున్నదనియు మొఱపెట్టుకొనెను. స్వరూపుడు అతనిని మూడు చఱపులు చఱచి, భయము తీర్చి, ఆ వలలో పడినది దయ్యము గాదు, చైతన్యుడని తెలిపెను.

ఈ కథను భక్తులు భక్తికొఱకు చదువుదురు. చరిత్ర విచారించువాడు ఇందు రెండు సంగతులు చూడవలెను. మొదటిది: అహోబిలపు కొండలెక్కి నరసింహుని సేవించి వచ్చిన యతి, చిట్టచివరకు నరసింహుని పేరే కాపుగా చీకటిలో వల వేయు జాలరి చేతికి చిక్కెను. నల్లమలలోని దేవుడు ఆ నీటిమీదను ఉన్నాడు. రెండవది: శిష్యులు, పండితులు, రాజబంధువులు ఎందరున్నను ఆ రాత్రి ఆయనను నీటినుండి లాగినవాడు ఆ జాలరి. కవిరాజు అతని పలుకులను అతని భయముతో సహా నిలిపెను. పేరు మాత్రము చెప్పలేదు. ఆ జాలరి తెలుగువాడో, ఒడియావాడో చెప్పుటకు ఆధారము లేదు. చెప్పవలసిన పనియు లేదు. వల వానిది, బ్రదుకు వానిది.

1897లో పూరీకి రైలు వచ్చెను. కడప, నంద్యాలలకు అంతకుముందే రైలు వచ్చియుండెను. రెండు నెలల నడక రెండు మూడు దినముల ప్రయాణమాయెను. దారిలో చచ్చుభయము తగ్గెను. సామెతకు బిగువు తగ్గెను. చత్రములు పాడుపడెను. కాని రైలు చేర్చునది స్టేషను వఱకే. అక్కడినుండి అలలోనికి తీసికొనిపోవుటకు నేటికిని జాలరి చేయియే కావలెను. 1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగపు 17వ అధికరణము అస్పృశ్యతను రద్దు చేసినది. కంపెనీవారి కాలపు పట్టికకు చట్టమున చోటు లేకపోయెను.

ఇప్పుడు పెంటకోటలో కుట్టుపడవలు కానరావు. ఫైబరు పడవలు, వానికి యంత్రములు వచ్చినవి. బిడ్డలకు ఇంట తెలుగు, బడిలో ఒడియా. తూర్పుతీరమంతట ఏటేట ఏప్రిలు 15 మొదలు జూను 14 వఱకు, అరువదియొక్క దినములు, చేపలు గ్రుడ్లు పెట్టు కాలమని యంత్రపు పడవలకు వేట నిషేధము. సముద్రపు తాబేళ్లను కాపాడుటకు ఒడిశా తీరమున కొన్నిచోట్ల నవంబరు మొదలు మే వఱకు మరియొక నిషేధము గలదు. రెండును న్యాయమైనవే. అయినను వేట లేని దినములలో ఇంటిపొయ్యి వెలుగుట జాలరికి కష్టము. వానకై ఆకసము చూచు మెట్టరైతునకు ఈ కష్టము విడమరచి చెప్పనక్కరలేదు. ఒకడు నీరు లేక పస్తు. ఒకడు నీరు ఎదుటనుండియు పస్తు.

2019 మే 3వ తేదీన ఫణి తుపాను పూరీయొద్దనే తీరము దాటెను. ఒడిశా ప్రభుత్వమువారు ముందుగానే పదిలక్షలకు పైగా జనులను సురక్షితస్థలములకు చేర్చిరి. కావున ప్రాణనష్టము పూర్వపు తుపానులతో పోల్చినచో స్వల్పము. కాని సముద్రమునకు ఎదుటనున్న పెంటకోటలో గుడిసెలు ఎగిరిపోయినవి, పడవలు విరిగినవి, వలలు ఇసుకలో పూడినవి. ఆలయము నిలిచినది, ఆ ఇసుకదిబ్బమీది ఇండ్లు మరల మొదటినుండి కట్టుకొనవలసి వచ్చినవి. మరుసటి సంవత్సరము కోవిడు మహమ్మారిచే యాత్రికుల రాకయు నిలిచెను. అప్పుడు చేయి పట్టుకొనుటకు జాలరి యున్నను, పట్టుకొనదగిన చేయి రాలేదు.

యాత్ర చేసి వచ్చినవారు ఇంట కూర్చుండి లెక్క చూచుకొనుట వాడుక. చత్రమున ఇంత, పడవకు ఇంత, పండాకు ఇంత, ప్రసాదమునకు ఇంత యని వ్రాసికొందురు. పూర్వులు సుంకమునకు ఇంత యనియు వ్రాసికొనిరి. ఆ వరుసలో అన్నిటికంటె చిన్నపద్దు నోలియాకు ఇచ్చిన చిల్లర. అయినను ప్రాణము ఒకరి చేతిలో పెట్టిన క్షణము యాత్రలో అదియొక్కటే. మొత్తము కూడునప్పుడు చిన్నపద్దును విడిచినచో లెక్క కుదరదని ఏ కరణమైనను చెప్పును.

ఈ గ్రంథాలయపు చదువరులలో జగన్నాథము పోవువారు ఏటేట కొందరుందురు. గుడి చూచి, ప్రసాదము తిని, సముద్రస్నానము చేసి రైలెక్కుటకు ముందు ఒక పూట మిగిలినచో, తూర్పుగా ఇసుకవెంబడి అరక్రోసు నడచి పెంటకోట చేరవచ్చును. అక్కడ వల బాగుచేసికొనుచున్న పెద్దవానిని 'మీది ఏ ఊరు తాతా' అని తెలుగున పలుకరించిన చాలును. అతడు తల యెత్తి 'మీది ఏ ఊరు బాబూ' అని మరల అడుగును. సర్వం జగన్నాథం అను మాట ఆ ఇసుకమీదనే పూర్తియగును.